ఎవరి ఇల్లూ కాని చోటు

పంతొమ్మిది మందికి వండి, పక్కలు వేసే ఇల్లు మా బంధువుల్లో ఇప్పుడెవరికీ లేదు. అందుకే ఏటా వేసవిలో అందరం కలిసేది హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులోనే. మీర్ ఆలం చెరువు పక్కన 1963లో మొదలైన ఈ జూ విస్తీర్ణం 380 ఎకరాలు. ఎడమొహం పెడమొహంగా తిరగడానికి కూడా సరిపడా చోటు.

ఆ అవసరం మాకుంది. పొలం పంపకాలయ్యాక పెదనాన్న, చిన్నాన్న మాట్లాడుకోవడం మానేశారు. ఒకరింటి శుభకార్యానికి ఇంకొకరు వెళ్లరు. జూకు మాత్రం ఇద్దరూ వస్తారు. ఇక్కడ పిలిచేవారూ లేరు, పిలవలేదని అలిగేవారూ లేరు. తటస్థ వేదిక గురించి ఎమ్మేలో చదివాను. చూసింది ఇక్కడే.

2020 వేసవిలో కోవిడ్ వల్ల జూ మూతపడింది. 2021 మేలో ఇక్కడి 8 సింహాలకే ఆ వ్యాధి సోకింది. మళ్లీ గేటుకు తాళం. ఆ రెండేళ్లూ అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూడలేదు. 2022లో, పడుకున్న సింహం ఎప్పుడు లేస్తుందా అని పిల్లలు ఎదురుచూస్తుంటే, ‘‘అన్నయ్యకు కాసిని మంచినీళ్లివ్వండి’’ అన్నారు చిన్నాన్న, ఎవరివైపూ చూడకుండా. పెదనాన్న తాగారు.

దాన్ని రాజీ అనలేం. కానీ ఈ ఏడాది, సోమవారం జూకు సెలవని గుర్తుచేసి, ఆదివారం ఖాయం చేసింది పెదనాన్నే.