మూడు మెట్లు

మాది అన్నవరం. ఆ మాట చెప్పగానే హాస్టల్లో అందరూ అడిగేది ఒక్కటే, "ప్రసాదం తెచ్చావా?" అని. తెస్తాను. అడ్డాకు పొట్లం విప్పగానే రూమంతా నేతి వాసన.

రత్నగిరి మీదికి 460 మెట్లు. ఒకప్పుడు మా మామ్మ ప్రతి మెట్టుకీ పసుపు రాసి, బొట్టు పెట్టుకుంటూ కొండెక్కేది. ఇప్పుడావిడకి 78 ఏళ్ళు. మా పెరటి గుమ్మానికి ఉన్నవి మూడే మెట్లు. అవి దిగలేక మంచినీళ్ళు తాగడం తగ్గించేసింది.

ఈ సంగతి మాకెవరికీ తెలీదు. మే నెలలో ఓ మధ్యాహ్నం కళ్ళు తిరిగి పడిపోతే, ఒంట్లో నీరు తగ్గిపోయిందన్నారు డాక్టరుగారు. బిందె నిండా నీళ్ళున్న ఇంట్లో ఇదేంటని అందరం అడిగాం. మామ్మ మాట్లాడలేదు. రాత్రి నాతో మాత్రం మెల్లగా చెప్పింది.

"తాగితే వెళ్ళాలి కదే అమ్మడూ. మాటిమాటికీ మీ అమ్మని లేపాలంటే సిగ్గుగా ఉంటుంది."

మా బాత్రూం పెరట్లో ఉంది.

నేను సివిల్ మూడో సంవత్సరం. ర్యాంపు వాలు 1:12 ఉండాలని, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు కావాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ టేపు పెట్టి చూడలేదు.

ఇంకోటి కూడా అప్పుడే అర్థమైంది. మా పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేశాం. స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి ఆ వేడి గదిలోకి వదుల్తుంది. మామ్మ గది పడమటి వైపు. ఇదివరకు సాయంత్రమయ్యేసరికి పెరట్లో వేపచెట్టు కింద కూర్చునేది. మెట్లు దిగలేకపోయేసరికి ఆ చల్లదనమూ పోయింది. ఎండ వేరు, మెట్లు వేరు అనుకున్నాను గానీ మామ్మకి ఆ రెండూ ఒకటే బాధ.

మర్నాడు కొలిచాను. మూడు మెట్లు కలిపి 18 అంగుళాలు. అంటే ర్యాంపు 18 అడుగులు కావాలి. గుమ్మం నుంచి గోడ దాకా ఉన్నది 14. మేస్త్రి నవ్వేశాడు. "ఆరడుగుల్లో కొట్టేద్దాం అమ్మాయిగారూ, బండెక్కించుకోడానికి కూడా పనికొత్తాది."

మన ఊళ్ళల్లో ఇళ్ళ ముందు ర్యాంపులన్నీ బండి కోసమే కదా! అంత ఏటవాలులో వాకర్ పట్టుకున్న మనిషి దిగితే జారిపోవడమే. చివరికి తొమ్మిది అడుగులు, మలుపు దగ్గర ఆగడానికి కాస్త చదును, మళ్ళీ తొమ్మిది అడుగులు వేయించాం. రెండు వైపులా పట్టుకోడానికి పైపులు. జారకుండా సిమెంటు మీద గీతలు. బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాం, ఎవరైనా లోపల పడిపోతే తలుపుకి అడ్డం పడకుండా.

గడప దగ్గర పేచీ వచ్చింది. తీసేద్దామంటే మామ్మ ఒప్పుకోలేదు. "లక్ష్మీదేవి కూర్చునే చోటే అది!" అంది. వడ్రంగి చేత గడపకి అటూ ఇటూ వాలు చెక్కలు చేయించాం. గడప గడపలాగే ఉంది, కాలికి మాత్రం తగలదు.

డాబా మీద తెల్ల సున్నం వేశాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. దాని వెనక ఉన్నదీ ఈ సంగతే, తెల్లటి కప్పు ఎండని తిప్పికొడుతుంది. పాత ఫ్యాను 75 వాట్లు తినేది. దాని చోట 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టాం. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఎక్కువసేపు వస్తుంది. పైగా రిమోట్ ఉంది కాబట్టి స్పీడు మార్చడానికి మామ్మ మంచం దిగక్కర్లేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆఫీసులకీ, బస్టాండ్లకీ ర్యాంపులుండాలంటుంది. మన పెరటి గుమ్మం చూడ్డానికి మాత్రం ఏ అధికారీ రాడు. చూడాల్సింది మనమే.

మొదటిరోజు మామ్మ వాకర్‌తో తనే దిగింది. మలుపు దగ్గర ఆగి, "కాసిని మంచినీళ్ళియ్యవే" అంది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

అంతా అయిపోలేదు. రాత్రిళ్ళు చీకటికి భయపడి ఇంకా తక్కువే తాగుతోంది. దసరా సెలవుల్లో వెళ్ళి, మనిషి రాగానే వెలిగే ఎల్‌ఈడీ లైటు ర్యాంపు దగ్గర పెట్టాలి.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీరూ బ్యాగులో ఓ టేపు పడేసుకోండి. దాన్ని తీసేముందు మీ మామ్మనో, తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని, నీళ్ళు సరిగ్గా తాగుతున్నారో లేదో అడగండి.