అమ్మ రాసుకున్న జాబితా

అమెరికాలోని కనెక్టికట్‌ రాష్ట్రంలో లైమ్‌ అనే చిన్న ఊరు. చుట్టూ అడవి, ఇళ్లదాకా వచ్చిపోయే జింకలు. నలుగురు పిల్లల తల్లి, చిత్రకారిణి పాలీ మరే ఆ ఊళ్లోనే ఉండేది. ఏళ్ల తరబడి ఆమెకు ఒళ్లునొప్పులు, దద్దుర్లు, జ్వరం. పిల్లలకేమో కీళ్లవాపులు. ఎన్ని పరీక్షలు చేయించినా ఏమీ తేలలేదు. ‘ఇదంతా మీ మనసులోనే ఉంది’ అన్నారు డాక్టర్లు.

ఆమె ఊరుకోలేదు. ఎవరికి ఎప్పుడు ఏమైందో రాసిపెట్టుకుంది. ఇరుగుపొరుగు పిల్లల సంగతీ ఆరా తీసింది. 1975లో ఆరోగ్యశాఖకు ఫోన్‌ చేసింది. యేల్‌ విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్‌ అలెన్‌ స్టీర్‌ వచ్చి చూస్తే... ఆ చుట్టుపక్కల 51 మందికి అవే బాధలు. వారిలో 39 మంది పిల్లలే! 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్‌ అనే శాస్త్రవేత్త అసలు దొంగను పట్టుకున్నాడు. మన పశువులకు పట్టే గోమారిలాంటి పురుగు, దాని కడుపులో మెలికలు తిరిగిన బ్యాక్టీరియా. పిల్ల పురుగైతే గసగసమంతే ఉంటుంది. కుట్టినా తెలియదు.

దొంగ దొరికాడు కాబట్టి ఇక పరీక్ష తేలికేననుకుంటాం. కానీ ఆ బ్యాక్టీరియా రక్తంలో దొరకడం కష్టం. అందుకే దానిమీద మన ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీల కోసం వెతుకుతారు. అవి తయారవడానికి వారాలు పడుతుంది. కుట్టిన వారానికే రక్తమిస్తే ‘నెగెటివ్‌’ రావచ్చు. జబ్బు తగ్గిన ఏళ్లకు కూడా ‘పాజిటివ్‌’ రావచ్చు. ముందు నిద్ర లేవదు, తర్వాత నిద్రపోదు!

చాలాకాలం మొదట ఎలీసా, ఆపైన వెస్టర్న్‌ బ్లాట్‌ చేసేవారు. ఈ రెండోదాన్ని చదవడంలో నిపుణులకే తేడాలొచ్చేవి. 2019లో దాని స్థానంలో మరో ఎలీసా తరహా పరీక్షను వాడేందుకు అమెరికా ప్రభుత్వం అనుమతించింది. దాంతో తొలిదశలో మునుపటికన్నా ఎక్కువ మందిలో జబ్బు బయటపడుతోంది. అయినా మొదటి రోజుల్లో పరీక్షకు అందనివారు ఉంటూనే ఉన్నారు. అందుకే చర్మంమీద పెద్దదవుతున్న ఎర్రటి మచ్చ కనిపిస్తే, రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు డాక్టర్లు. అందరికీ ఆ మచ్చ రాదు. అప్పుడిక ఎక్కడికెళ్లారు, ఎప్పట్నుంచి బాధ అన్న వివరాలే దారి చూపాలి.

పాలీ 2019లోనే కన్నుమూసింది. ఇప్పుడు న్యూజెర్సీలో, కనెక్టికట్‌లో మన తెలుగువాళ్ల పిల్లలూ ఆ గడ్డిలోనే ఆడుకుంటున్నారు. ఇంటికి రాగానే మోకాళ్ల వెనకా, చెవుల వెనకా అమ్మ ఒకసారి తడిమి చూస్తుంది. అక్కడ మొదటి పరీక్ష అదే.