పొగాకు రుచి

చుట్ట కాల్చువారి యభిప్రాయములు చుట్టకంటె ఘాటుగా నుండును. మావియు నట్టివే. ముప్పది యేండ్లపాటు మేము లంకపొగాకును దప్ప వేరొకదానిని పొగాకని యొప్పుకొనలేదు. గోదావరి వరద తీసిన పిమ్మట లంకలపై నిలిచిన యొండ్రుమట్టిలో బెరిగి, పాకలలో దోరణములవలె వ్రేలాడి, మెల్లమెల్లగా నారిన నల్లని యాకు మాది. గుంటూరు ప్రాంతపు వర్జీనియా యాకును బేరనులో వేడిమి పెట్టి వారము దినములలో బసుపుపచ్చగా నార్చుదురు. అందుచే నందలి చక్కెర యాకులోనే నిలిచిపోవును. తియ్యని పొగ సిగరెట్టువారికి దగును గాని మాకేల యని పరిహసించుచుంటిమి.

ఒకపరి మిత్రుడొకడు సీమనుండి వచ్చుచు పైపును, మూడు డబ్బాల మిశ్రమములను దెచ్చి యిచ్చెను. వర్జీనియా నాలుకను గరచెను. సైప్రసు దీవిలో గట్టెలపొగ బట్టించిన లటాకియా కలిసినదానిని గాల్చితిమి. తడికట్టెలు రాజుకొనని వంటింట గూర్చున్నట్లుండెను. అమెరికాలోని లూసియానాలో పీపాలలో నదిమిపెట్టి తన రసములోనే యూరవేయు పెరీక్ కలిసిన మూడవదానిని మాత్రము మెచ్చితిమి. చదువరులు నవ్వుదురు గాక, ఊరగాయ తిను జాతివారము గదా!

ఇంత నేర్పరులము గనుకనే బంధువుల కందరికిని ఆకు నెంచు పని మాదయ్యెను. మా తల్లి శ్రీకాకుళపు సముద్రతీరమున నుండెడిది. అచ్చటి స్త్రీలు పెక్కండ్రవలె నామెయు నడ్డపొగ త్రాగెడిది. అనగా నిప్పున్న కొనను నోటిలోపల నుంచి పెదవులు మూసి పీల్చుట. నీళ్లలో బనిచేయువేళ నిప్పు తడియదు, చేతులును ఖాళీగా నుండును. ఆమెకు సన్నని చుట్ట కావలెను. ఈనె తీసినను చిరుగని మెత్తని యాకు నేరి, గోనెగుడ్డలో జుట్టి, నెలనెల బంపుచుంటిమి. అది తన కొడుకు పంపినదని యామె యిరుగుపొరుగువారికి వాసన చూపెడిదట.

ఒకనా డామె కూరలో గారము సహింపలేకున్నానని చెప్పెను. చూడగా నంగిట దెల్లనిమచ్చ, దాని నడుమ బుండు. వైద్యుడు పరీక్షించి క్యాన్సరనెను. అడ్డపొగ త్రాగు పల్లెలలో బదివేలమందికి బైగా నంగిళ్లు పరీక్షించి, యీ కీడును గూర్చి వైద్యులు 1971లోనే ప్రకటించియున్నారు. ఆకు వాసనలను గూర్చి గంటలకొలది ముచ్చటింపగల మేము దానిని జదువలేదు.

ఆసుపత్రినుండి వచ్చు త్రోవలో నామె, "నాయనా, ఇంతకంటె చలవైన ఆకు ఎక్కడా దొరకదా?" అని యడిగెను. చెప్పుటకు సిగ్గగుచున్నది: మా మనసున నొక లంక పేరును, ఒక రైతు పాకయు మెదలినవి. జవాబు నాలుక చివరకు వచ్చినది.

చెప్పలేదు. నాటినుండి మా యింటికి బొగాకు రాలేదు. అటుకపై నొక కట్ట మాత్రము మిగిలిపోయినది. వానకాలమున దాని వాసన క్రిందికి దిగును. అది యే లంక యాకో మాకిప్పటికిని దెలియును.