పాత బండి లెక్కలు

మదనపల్లె మార్కెట్‌కి టమాటా క్రేట్లు మోసే మా పాత బొలెరో పికప్‌ను అమ్మేయమని చాలామందే చెబుతున్నారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అంతకు లోపుదైతే రెండేళ్లకోసారి చాలు. ఆ ఖర్చు నిజమే. అయినా అమ్మబుద్ధి కాదు.

పాత బండి ఖర్చు చాలావరకు ముందే కనబడుతుంది. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు వేళకు చూసుకుంటే పెద్దగా బరువనిపించదు. ఆయిల్ మసిబారి, సిలిండర్ గోడ మీద దాని పొర నిలవకపోతేనే ఇంజన్ బోరుకొస్తుంది. అప్పుడు ఒక కోత డబ్బంతా అందులోకే. మా మట్టిదారుల్లో ఎయిర్ ఫిల్టర్‌ని పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆపకూడదు. బ్రేక్ ఆయిల్ సంగతి చాలామందికి పట్టదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. లోడుతో ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు బాగా వేడెక్కితే ఆ నీరు ఆవిరై, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి దాన్ని మార్చే ఖర్చు డ్రైవర్ ప్రాణం ముందు ఏపాటిది?

కమాను పట్టీలు ఓవర్‌లోడును దాచిపెట్టవు. ఒక పట్టీ నీరసించగానే బండి ఆ పక్కకు ఒరుగుతుంది.

మా మెకానిక్ అన్న, తీసిన ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది చూస్తాడు. ఇనుప రజను తగిలితే ఆయన ముఖం మారిపోతుంది. ఈసారి తగల్లేదు. ఇక మిగిలింది క్లచ్ ప్లేటు. దానికి డబ్బు పక్కన పెట్టాను.