బంతులు ముందు తీయాలి

షికాగోలో తయారైన పాత పిన్‌బాల్ యంత్రాన్ని పికప్ ట్రక్కు ఎక్కించాలంటే నాకు మొదట గుర్తొచ్చేది లోపలి ఉక్కు బంతులే. ఒక్కోటి దాదాపు 80 గ్రాములు. యంత్రాన్ని నిలబెట్టినా, బండి గతుకుల్లో పడినా అవి దొర్లి ప్లాస్టిక్ ముక్కల్నీ బల్బుల్నీ పగలగొడతాయి. తీసి జేబులో వేసుకోవాల్సిందే.

తర్వాత తల, అంటే స్కోర్లు చూపే పై భాగం. గడియ విప్పి, పెట్టె మీద దుప్పటి పరిచి మెల్లగా వాల్చాలి, వైర్లు నలగకూడదు. ఆపైన కాళ్లు విప్పాలి. 100 కిలోలు దాటిన బరువు, ఒంటరిగా ఎత్తడం సాహసం కాదు, ప్రమాదం.

1992 నాటి ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ పిన్‌బాల్ యంత్రాలు 20 వేలకు పైగా తయారయ్యాయి. అయినా వాటి పక్కలమీది బొమ్మలు గీసుకుపోతే ప్రాణం చివుక్కుమంటుంది. అందుకే ట్రక్కులో కట్టే పట్టీ ఒరుసుకునేచోట అట్టముక్క పెడతాను. వాన సూచన ఉంటే ప్రయాణమే వాయిదా. తడిస్తే ప్లైవుడ్ ఉబ్బుతుంది.