బోధను చెఱకుతోటలో నక్కతోలు

"నక్కతోక త్రొక్కినాడు" అను మాట మన యిండ్లలో తఱచు వినబడుచుండును. అదృష్టము పట్టినవానిని గూర్చి మనమట్లు నవ్వుచు ననుకొందుము. ఆ మాటను నిజమని నమ్మినచో నేమగునో మొన్న బోధనులో నేను కన్నులార చూచితిని.

గడచిన మాఘమాసమున మా చిన్నమ్మను చూచుటకై నిజామాబాదునకు రైలులో పోతిని. ఈ పట్టణమునకు పూర్వనామము ఇందూరు. పసుపు పంటకు పేరుపడిన సీమ యిది. అచ్చటినుండి బోధను సుమారు 25 కిలోమీటర్లు. దారి పొడుగునను కాలువలు, పచ్చని మళ్ళు కన్నుల పండువు చేసినవి. మంజీరానదిపై 1923లో ఆరంభింపబడి 1931లో ముగిసిన నిజాంసాగరము ఈ నేలకు నీరిచ్చినది. ఆ నీటి బలముననే చెఱకు విస్తరిల్లెను. 1937లో బోధను చెంత శక్కరునగరున నిజాము చక్కెర కర్మాగారము వెలసెను. ఒకప్పుడది ఆసియాఖండమునందే మిక్కిలి పెద్దదని ప్రసిద్ధి కెక్కినది. 2015లో మూతపడెను. పెక్కండ్రు రైతులు వరికి మరలిరి. మా చిన్నమ్మవారికి మాత్రము రెండెకరముల చెఱకు ఇంకను గలదు.

చెఱకుతోట నక్కకు మంచి యునికిపట్టు. పగలు దట్టమైన ఆకులలో దాగి, ప్రొద్దు గ్రుంకగానే కూయును. పండిన గడలను కొఱుకుటచే రైతునకు దానిపై కోపము. కాని పైరును పాడుచేయు ఎలుకలను పట్టి తినునదియు నక్కయే.

నేను చేరిన మఱునాటి యుదయమున పెరటిలో గోనెసంచిపై ఒక తోలు పఱచియుండెను. ఉప్పును పసుపును దట్టముగా పూసియుండిరి. రాత్రి బాటపై లారీ తగిలి చచ్చిన నక్కను జీతగాడు తెచ్చి యొలిచెనట.

"తోక మన సందుగలో పెట్టుకుందాం బిడ్డా, మూడేండ్లసంది పంట కలిసిరాలేదు" అని చిన్నమ్మ మెల్లగా పలికెను.

జీతగాడు చేతులు నలుపుకొనుచు, "మిగిలిన తోలు కొనేటోడు ఉన్నడట అక్కా. బిడ్డ కాలేజి ఫీజు కట్టాలె" అనెను.

అతని వ్రేలికి కత్తి గాటుండుట అప్పుడు చూచితిని. నా గుండె ఝల్లుమనెను. నక్కలకు పిచ్చికుక్క రోగము సోకుట గలదు. రోగము గల జంతువు చొంగ గాయమునకు తగిలినను ప్రమాదమే. రోగలక్షణములు పొడసూపిన పిమ్మట బ్రతుకుట మిక్కిలి యరుదు. వెంటనే అతనిచేత సబ్బుతో, ధారగా పోయు నీటితో 15 నిమిషములు గాయమును కడిగించి, టీకాకై ఆసుపత్రికి పంపితిని.

అతడు మరలి వచ్చుసరికి చిన్నమ్మకు సంగతి వివరించియుంటిని. అమెరికాలో మన నక్కకు దాయాది యగు కొయొటీ యను జంతువు గలదు. అచ్చటి వేటకాండ్రు దాని తోలు నొలిచి, క్రొవ్వు గీచి, చట్రముపై సాగదీసి యారబెట్టి, బొచ్చుబట్టల వర్తకులకు అమ్ముదురు. అచ్చటి చట్టములు వేఱు. మనదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నక్కను వేటాడరాదు, దాని తోలు నమ్మరాదు. చచ్చిపడియున్న నక్కయైనను ప్రభుత్వపు సొత్తే. అట్టిది చేజిక్కినవారు 48 గంటలలో పోలీసు ఠాణాకో, అటవీ అధికారికో తెలుపవలెను. ఇక నక్కకొమ్మని సంతలలో అమ్మునది వట్టి మోసము. నక్కకు కొమ్ము లేదు. తోలుముక్కకు వెండ్రుకలు చుట్టి అట్లు నమ్మింతురు.

"చెప్పితే వీణ్ణి పట్టుకపోతరేమో" అని చిన్నమ్మ జంకెను. ఆ భయము నాకును లేకపోలేదు. దాచిన దినములు పెరిగినకొలది తప్పు పెరుగునని మాత్రము చెప్పితిని. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, "తోక పెడదామన్నది నేను. నేనే వస్త" అని చెప్పులు తొడిగినది.

మువ్వురమును అటవీ కార్యాలయమునకు పోతిమి. అధికారి జరిగినదంతయు వ్రాసికొని, తోలును తీసికొని, జీతగానిని మందలించి పంపెను. త్రోవలో అతడొక్క మాటయు నాడలేదు. తోలు పోయినది, ఫీజు గడువు దగ్గఱపడినది.

ఇల్లు చేరగానే చిన్నమ్మ సందుగ తెఱచి, తోక పెట్టదలచిన చోటి నుండి రూపాయలు తీసి లెక్కించి అతని చేతిలో నుంచెను. "చెఱకు కోతలప్పుడు తీర్చు" అని మాత్రమే యనెను.

ఆ రాత్రి తోటలో నక్కలు కూసెను. "ఎలుకలకు వచ్చినయి, రానీ" అని చిన్నమ్మ దీపమార్పెను.