మద్దెల ఓడైనచో

'ఆడలేక మద్దెల ఓడన్నట్లు' అను సామెతను మన పెద్దలు చేతకానివారి నోరు మూయించుటకు వాడుదురు. సామెత సత్యమే. కాని ఆడనేర్చిన వానికిని ఒక్కొక్కప్పుడు ఓటి మద్దెలయే లభించును గదా! అట్టి వేళ ఏమి చేయవలెనో సామెత చెప్పదు. ఆ సంగతియే ఇచట ముచ్చటించదలచితిని.

మాది హోసూరు ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన వడ్రంగుల కుటుంబము. కొయ్యను నునుపు చేయు పనిముట్టును మా తమిళ మిత్రులు ఇళైప్పుళి అందురు. మేము చిత్రిక అందుము. ఉలి మాత్రము అందరి ఉమ్మడి సొత్తు. తమిళమునను కన్నడమునను అది ఉళియే. నేను బడిపంతులుగా జీవించినను కొయ్యపని మానలేదు. ఉద్యోగ విరమణానంతరము, బహుకాలపు కోరిక తీర 18,000 రూపాయలు వెచ్చించి ఒక ఇనుప చిత్రికను తెప్పించితిని. అమెరికా దేశస్థుడగు లెనార్డ్ బెయిలీ 19వ శతాబ్దమున రూపొందించిన పద్ధతి దానిది.

చూచుటకది నగవలె నుండెను. కాని టేకుపలకపై తోయగా, అంచులయందు మందముగా కొరుకుచు, నడుమ నారను లేపుచుండెను. బ్లేడును సానబట్టితిని, పలకను మార్చితిని, ఫలము లేదు. అప్పుడు బ్లేడును లోనికి లాగి, బిగింపు సడలింపక, అడుగుభాగముపై తిన్నని ఉక్కుబద్దను నిలిపి వెలుతురునకు ఎదురుగా పట్టితిని. బిగింపును సడలించినచో ఇనుము కొంత రూపు మారును. కావున పనిచేయు స్థితిలోనే పరీక్షింపవలెను. నోటికి ముందరి భాగమున సన్నని వెలుగుగీత కానవచ్చెను. 0.1 మిల్లీమీటరు మందపు రేకు ఆ సందులో సులువుగా దూరెను. చిత్రిక తీయు సన్నని పొర అందులో సగము మందమైనను ఉండదు. నోటి ముందరి ఇనుము నారను అదిమిపట్టవలెను; అచ్చటనే పల్లమున్నచో నార లేచిపోక ఏమగును?

పోతయినుము చల్లారునపుడు ఒకచోట ముందుగను, వేరొకచోట వెనుకగను గట్టిపడి లోలోపల బిగువు నిలుచును. పూర్వము పోతలను నెలల తరబడి నిలువయుంచి, పిదపనే చదును చేసెడివారు. నేడు మరల కాచి మెల్లగా చల్లార్చుదురు. ఆ ఓపిక లేక తొందరపడినచో, చదునుచేసిన అడుగు తరువాత వంగును.

మా పెదనాయనగారు దానిని చూచి, "ఏముందిరా నాయనా, గాజుపలక మీద ఉప్పుకాగితం పరిచి పూటంతా రుద్దితే సరి. దీనికి ఉత్తరాలెందుకు?" అనిరి. ఆ మాట పనివాని పౌరుషము. కాని రుద్దిన మరుక్షణము సాక్ష్యము చెరగిపోవును. "మీరే పాడు చేసితిరి" అని అంగడివారనినచో సమాధానముండదు. అందుచేత దానిని ముట్టక, కొలతలను, ఛాయాచిత్రములను, రసీదు నకలును జతపరచి వ్రాసితిని.

"వాడుక తెలియక అట్లు తోచియుండును" అని తొలి జవాబు వచ్చెను. ధర కంటె ఆ మాటయే నన్ను బాధించెను. పిదప ధరలో కొంత తగ్గింతుము, ఉంచుకొనుడనిరి. నేను సమ్మతింపలేదు. మా నాయనగారు చేసిన తలుపు బిగువు సడలినదని కబురు వచ్చినచో, సంచి భుజాన వేసికొని, కూలి అడుగక సరిచేసి వచ్చెడివారు. భాష వేరైన ఊరిలో మన కుటుంబములు నిలద్రొక్కుకొన్నది అట్టి మాట నిలుకడ చేతనే. మనమిచ్చిన దానిని ఇతరులనుండి కోరుట తప్పు కాదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము సరకు నాణ్యతలోని ఏ లోపమునైనను దోషముగనే ఎంచును. జీవనోపాధికై తానే వాడుకొనుటకు పనిముట్టు కొన్న వడ్రంగియు అందు వినియోగదారుడే. తన నివాసమున్న జిల్లా కమిషనుకే రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయల వరకు వెల గల సరకునకు రుసుము లేదు. ఈ సంగతులను కోపపు మాట లేకుండ రెండవ లేఖలో తెలిపితిని. మూడు వారములకు వేరొక చిత్రిక వచ్చెను.

పెట్టె విప్పగనే మనుమరాలు ఉక్కుబద్దను తానే తెచ్చెను. దానికి బడిలో తెలుగు లేదు; ఉలి, బాడిస, మూలమట్టము అను మాటలు మా వసారాలోనే నేర్చినది. కిటికీకి ఎదురుగా నిలిచి చాలసేపు చూచి, "తాతా, వెలుతురు రాలేదు" అనెను. ఆనాడే దాని చేత మొదటి పొర తీయించితిని.